కప్పతోలు కాల్చింది ఎవరు?

సోవియట్ కాలంలో మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసిన పుస్తకాలు విశాలాంధ్ర వారి ద్వారా మన ఊళ్లకు వచ్చేవి. మంచి కాగితం, రంగుల బొమ్మలు, చవక ధర. నలభై దాటిన ఉపాధ్యాయుల్లో చాలామందిమి రష్యా అనే దేశాన్ని మొదట చూసింది ఆ బొమ్మల్లోనే. ఆ పుస్తకాల ద్వారానో, పిల్లల పత్రికల ద్వారానో, నోటిమాటగానో కప్ప యువరాణి కథ మన బడుల దాకా చేరింది. కథ చెప్పాక మనం ఏం చేస్తున్నాం? "దీని నీతి ఏమిటి?" అని అడుగుతున్నాం. "రూపం చూసి ఎవరినీ తక్కువ చేయకూడదు" అని పిల్లలు బట్టీపట్టిన జవాబు చెబుతున్నారు. మార్కు వేసేస్తున్నాం.

ఆ జవాబు ఆ కథకు సరిపోదని మా అభిప్రాయం. ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

కథ అందరికీ తెలిసిందే అయినా ఒకసారి గుర్తుచేసుకుందాం. రాజుకు ముగ్గురు కొడుకులు. బాణం వేయండి, అది ఎక్కడ పడితే అక్కడి పిల్లే మీ భార్య అంటాడు తండ్రి. చిన్నవాడు ఇవాన్ బాణం బురద చిత్తడిలో పడుతుంది. దాన్ని నోట పట్టుకుని ఒక కప్ప కూర్చుని ఉంటుంది. పెళ్లి జరుగుతుంది. రాజు కోడళ్లకు పరీక్షలు పెడతాడు. రొట్టె కాల్చాలి, బట్ట నేయాలి, విందుకు రావాలి. అన్నిటిలోనూ కప్పే గెలుస్తుంది. విందులో ఆమె మనిషి రూపంలో వచ్చి నాట్యం చేస్తే ఒక చేతి చొక్కాలోంచి చెరువు, ఇంకో చేతిలోంచి హంసలు పుడతాయి. ఇదంతా అక్కడ జరుగుతుండగా ఇవాన్ పరుగున ఇంటికి పోయి, ఆమె విడిచిన కప్పతోలు వెతికి పొయ్యిలో పడేస్తాడు. ఆమె వచ్చి చూసి, ఇంకొంచెం ఓపిక పట్టి ఉంటే ఎప్పటికీ నీదాన్నయ్యేదాన్ని అని చెప్పి దూరదేశం వెళ్లిపోతుంది. ఇక మిగతా కథ అంతా ఇవాన్ ఆమెను వెతుక్కుంటూ తిరగడమే.

రూపం గురించిన నీతే అయితే, ఆమె అందగత్తె అని తేలిన చోటే కథ ముగిసిపోవాలి. ముగియలేదు. అసలు కథ మొదలయ్యేది తోలు కాలిన తరువాతే. ఇవాన్ ఆమెను కప్పగా ఉన్నప్పుడు చిన్నచూపు చూసినందుకు కథ శిక్షించలేదు. ఆమెకున్న రెండో బతుకును ఆమెను అడగకుండా కాల్చినందుకు శిక్షించింది. ఆ తోలు ఆయన దృష్టిలో సిగ్గుచేటు. ఆమెకు మాత్రం అది చిత్తడితో, నీటితో ఉన్న బంధం, ఇంకా తీరని గడువు. మేము మా విద్యార్థులతో ఈ చోట ఆగి మాట్లాడించాం. ఇంటి భాష, పేరు, బట్ట, తిండి వదిలేస్తేనే హాస్టల్లో మర్యాద దొరుకుతుందని అనుభవించిన పిల్లలకు తోలు సంగతి వివరించి చెప్పాల్సిన పని పడలేదు.

అయితే ఒక జాగ్రత్త. ఇది మన చదువు. రష్యా రైతు ఆ కథను మన కోసం చెప్పుకోలేదు. ఆయన కప్పను ఎలా చూశాడో తెలుసుకోకుండా మన అర్థాన్ని ఆ కథకు తగిలించడం కూడా ఒక రకం దౌర్జన్యమే. కాబట్టి కథ పక్కన పెట్టి నమ్మకాల దగ్గరికి పోదాం.

అలెక్సాందర్ అఫనాస్యెవ్ 1855 నుంచి 1863 దాకా విడతలుగా అచ్చువేసిన రష్యన్ జానపద కథల సంపుటాల్లో దాదాపు 600 కథలున్నాయి. కప్ప యువరాణి కథ పేరు పొందింది వాటి వల్లే. ఆయన ఊరూరా తిరిగి సేకరించినవి తక్కువ. ఎక్కువ భాగం భౌగోళిక సంఘం దస్త్రాల నుంచి, నిఘంటుకారుడు దాల్ ఇచ్చిన కట్టల నుంచి తీసుకున్నవి. కథలు అలా అచ్చుకెక్కాయి గానీ, కథ చెప్పిన అవ్వ అదే పూట మనవడితో "కప్పను చంపకురా" అని ఎందుకు అనేదో ఆ సంపుటాల్లో కథ పక్కన కనబడదు. దానికి వేరే రాతలు చూడాలి. అలెక్సాందర్ గురా 1997లో స్లావిక్ ప్రజల జంతు నమ్మకాల మీద రాసిన పెద్ద పుస్తకం అలాంటిది.

ఆ నమ్మకాలు చూస్తే ఒకదానికొకటి పొసగనట్టు ఉంటాయి. కప్పను చంపితే తల్లి చనిపోతుందని కొన్ని చోట్ల. కప్పను చంపితే వాన పడుతుందని కొన్ని చోట్ల. అందుకని కోతల కాలంలో చంపనివ్వరు, కరువులో మాత్రం కావాలనే చంపిన వాళ్లున్నారు. కప్పలు ఒకప్పుడు మనుషులేననీ, జలప్రళయంలో మునిగిన వాళ్లనీ, మోషేను తరుముతూ సముద్రంలో మునిగిన ఫరో సైన్యమనీ ఇంకొన్ని చోట్ల. మన తెలుగు పల్లెల్లో వాన కోసం కప్పతల్లి ఆడతారు. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయిస్తారు. అక్కడా ఇక్కడా కప్పకూ వానకూ లంకె ఒక్కటే, చేసే పని వేరు. ఈ పోలికను పట్టుకుని రెండు జాతులకూ ఒకే మూలం అని రాసేవాళ్లు ఉంటారు. కప్ప అరిస్తే వాన వస్తుందని గమనించడానికి ఒకే మూలం అక్కర్లేదు, చెవులుంటే చాలు.

కప్ప మీద దయ ఒక్కటే ఉందనుకుంటే పొరపాటు. రష్యన్ పల్లెల్లో వశీకరణానికి ఒక పద్ధతి రాసిపెట్టారు. బతికున్న కప్పను చిల్లుల కుండలో పెట్టి చీమల పుట్టలో పాతుతారు. చీమలు తినగా మిగిలిన ఎముకల్లో కొక్కెంలా ఉన్నది ఒకటి, పారలాంటిది ఒకటి ఏరుకుంటారు. కొక్కెంతో ఇష్టమైన మనిషి బట్టను తగిలించి లాగితే ఆ మనిషి వలలో పడతాడట. పారతో తోస్తే విడిచిపోతాడట. తల్లి ప్రాణంతో ముడిపెట్టి కాపాడిన జీవినే ప్రేమ కోసం చీమలకు వేశారు. నమ్మకాలను "ప్రకృతితో మమేకం" అని ఒక్క మాటలో పొగిడే మన రచయితలు ఈ కుండ దగ్గర కాసేపు నిలబడాలి. జానపదుడు జంతువును ప్రేమించాడు, భయపడ్డాడు, వాడుకున్నాడు, హింసించాడు. మూడు మంచివి రాసి నాలుగోది దాచితే అది విమర్శ కాదు, భజన.

పాల కుండలో కప్ప సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఈమధ్య మన యువకుల ఫోన్లలో కూడా తిరుగుతోంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో రష్యన్ రైతులు పాలు విరగకుండా ఉండటానికి గోధుమరంగు కప్పను పాలలో వేసేవారు. 2012లో మాస్కో విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త అల్బెర్ట్ లెబెదెవ్ బృందం ఆ కప్ప చర్మపు స్రావంలో 76 కొత్త పెప్టైడ్లను గుర్తించింది. వాటిలో సూక్ష్మజీవులను చంపే గుణమున్నవి ఉన్నాయి. వెంటనే "చూశారా, పెద్దలకు సైన్సు ముందే తెలుసు" అని ప్రచారం. శాస్త్రవేత్తలు చూసింది చర్మంలోని పదార్థాన్ని. పాల కుండలో కప్పను వేస్తే ఎన్ని గంటలు పాలు నిలిచాయో కాదు. కప్ప ఒంటి మీద సాల్మొనెల్లా వంటి రోగక్రిములు కూడా ఉండొచ్చన్నది అంతే నిజం. పెద్దలు ఏదో గమనించారు, ఆ గమనింపులో వెతకదగినది ఉంది, అంతవరకు చెప్పడం న్యాయం. మన మందు చెట్ల విషయంలోనూ ఇదే కొలత వాడాలని మా కోరిక.

ఇక పాములు. అక్కడి అడవుల్లో మనకున్నన్ని పాములు లేవు. రష్యన్ పల్లెవాసికి ప్రధానంగా తెలిసినవి రెండు. తల వెనక పసుపు మచ్చలుండే విషం లేని నీటిపాము, పేరు ఉజ్. వీపు మీద వంకర గీత ఉండే పింజరి జాతి పాము, పేరు గద్యూకా. గద్యూకా ఆర్కిటిక్ వలయం దాటి కూడా బతుకుతుంది. ఈ రెండూ కాక కాళ్లు లేని బల్లి ఒకటుంది. రాగిరంగులో మెరుస్తుంది, పాములా ఉంటుంది, ఎవరికీ హాని చేయదు. దాన్ని మెద్యానిత్స అని పిలిచి, అది గుడ్డిదని, ఏడాదిలో ఒక్కరోజే చూపు వస్తుందని, ఆరోజు బాణంలా దూసుకొచ్చి మనిషిని చంపుతుందని నమ్మారు. అసలు విషమున్న దానికంటే ఏ పాపం తెలియని దానికే ఎక్కువ భయం. మన దగ్గర నలికిరి కరిస్తే మనిషి బతకడని చెప్పి దాన్ని కొట్టి చంపేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం కదా.

ఇంట్లోకి వచ్చే ఉజ్‌ను ఇంటి కాపరిగా, ఇంటి దేవత రూపంగా చూసి పాలు పోసిన చోట్లున్నాయి. దాన్ని చంపితే ఇంటి యజమానికో పశువులకో కీడు. మరోపక్క పామును చంపితే నలభై పాపాలు పోతాయనే మాట కూడా అదే ప్రజల్లో ఉంది. రెండో మాటలో చర్చి గొంతు వినబడుతుంది. ఏదెను తోట పాము, గియోర్గి పొడిచిన సర్పం గుడి గోడల మీద రోజూ కనిపిస్తుంటే పాము శత్రువే అవుతుంది. కానీ క్రైస్తవం వచ్చి పాత నమ్మకాన్ని పూర్తిగా తుడిచేసిందని గానీ, పాతదే అసలుదని, కొత్తది పైపూత అని గానీ మేము అనం. ఒకే అవ్వ ఇంట్లో ఉజ్‌కు పాలు పోసి, అడవిలో గద్యూకాను కొట్టి పాపం పోయిందని సంతోషించి ఉండొచ్చు. ఆమెకు అందులో తేడా కనబడి ఉండదు.

పాముల నమ్మకాల్లో మాకు బాగా నచ్చినది సెప్టెంబరు 27 నాటిది. పాత క్యాలెండరులో 14. సిలువ పండుగ రోజు, వొజ్ద్విజేన్యె అంటారు. ఆరోజు పాములన్నీ ఒకచోట చేరి చలికాలానికి భూమిలోకి, విరేయ్ అనే లోకానికి పోతాయి. కాబట్టి అడవికి పోకూడదు. ఆ ఏడాది మనిషిని కరిచిన పామును భూమి లోపలికి రానివ్వదు. అది మంచు పడేదాకా పైనే తిరిగి తిరిగి చస్తుంది. ఇందులో కంటితో చూసిన విషయం ఉంది. గద్యూకాలు శరదృతువులో నిజంగానే ఒకే బొరియలోకి గుంపుగా చేరి శీతనిద్ర పోతాయి. వాటి మధ్య కాలు పెట్టడం ప్రమాదమే. ఏదో ఒక పాము ఆలస్యంగా బయట మిగిలిపోయి చలికి చచ్చి కనబడుతుంది. దానికి కారణం వెతికిన మనిషి, దోషం చేసింది కాబట్టి అన్నాడు. ఆ కారణం తప్పే. కానీ నేరానికి శిక్ష వేసేది రాజూ కాదు, దేవుడూ కాదు, భూమి అని ఊహించిన మనిషిని మేము తీసిపారేయలేం.

పాముకాటు మంత్రాల సంగతి వేరు. సముద్రం మధ్యలో బుయాన్ దీవి, దాని మీద అలాతిర్ రాయి, ఆ రాయి దగ్గర పాముల రాణి స్కరపేయ ఉంటుందని, నీ పిల్లను అదుపు చేసి విషం వెనక్కి తీసుకోమని ఆమెకు విన్నపం, వినకపోతే బెదిరింపు. మైకోవ్ 1869లో ప్రచురించిన రష్యన్ మంత్రాల సంపుటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి. సాహిత్యంగా అవి గొప్పవి. ఊహ దూరం నుంచి దగ్గరికి, సముద్రం నుంచి రాయికి, రాయి నుంచి రాణికి, రాణి నుంచి కరిచిన ఆ ఒక్క పాముకు దిగుతుంది. నొప్పితో భయపడుతున్న మనిషికి ఆ దిగుడు మెట్లు ఊరట ఇచ్చి ఉంటాయి.

మంత్రం "పనిచేసింది" కూడా. ఎందుకంటే గద్యూకా కాటుకు చనిపోయేవాళ్లు చాలా అరుదు. మంత్రం వేసినా వేయకపోయినా ఎక్కువమంది బతుకుతారు. అదే ధైర్యాన్ని మన ఏజెన్సీకి తెచ్చుకుంటే ప్రాణాలు పోతాయి. మనకున్నవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. పాటగా, కథగా మంత్రాన్ని రాసిపెట్టుకుందాం. కాటు పడినప్పుడు మాత్రం విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికే మోసుకుపోదాం. దారి లేని గూడెంలో అది తేలిక కాదని మాకు తెలుసు. దారి వేయని తప్పును మంత్రగాడి మీద తోసి, "గిరిజనుల మూఢనమ్మకం" అని వార్త రాసేవాళ్ల సంగతీ తెలుసు.

ఇప్పుడు కోమి ప్రజల దగ్గరికి వద్దాం. పాఠకుల్లో చాలామంది ఈ పేరు వినివుండరు. యూరప్ రష్యాకు ఈశాన్యంలో, ఉరల్ కొండలకు పడమర, విచెగ్దా, పెచోరా నదుల వెంట వాళ్ల ఊళ్లు. సిక్తివ్‌కార్ రాజధానిగా కోమి రిపబ్లిక్ ఉంది. దక్షిణాన కామా నది ఎగువ ప్రాంతంలో కోమి పెర్మ్యాకులు ఉంటారు. వాళ్ల భాష రష్యన్‌కు చుట్టం కాదు. ఫిన్నిష్, ఉద్‌ముర్త్ భాషలకు చుట్టం. వేట, చేపలు, అడవి వాళ్ల జీవనం. 1372 ప్రాంతంలో స్తెఫాన్ అనే మతాచార్యుడు వాళ్ల భాషకు లిపి చేశాడు. ఆ చేతితోనే వాళ్లు కొలిచే భూర్జ చెట్టును నరికించాడు. లిపి ఇచ్చింది, చెట్టు నరికింది ఒకరే అన్నది మనం మరిచిపోకూడని సంగతి.

కోమి సృష్టికథలో ఇద్దరు సృష్టికర్తలు. యేన్ వెలుగు పక్షం, ఒమోల్ చీకటి పక్షం. పాము, కప్ప, బల్లి, పురుగు ఒమోల్ వైపు లెక్క. ఓడిపోయిన ఒమోల్ ఒక కొయ్య దిగేంత నేల ఇమ్మని అడిగి, ఆ రంధ్రంలోంచి విషపు జీవులన్నిటినీ వదిలాడని చెప్పుకుంటారు. కొయ్య రంధ్రం కథ చుట్టుపక్కల జాతుల్లోనూ, రష్యన్లలో సైతాను పేరుతోనూ ఉంది. ఎవరి నుంచి ఎవరికి పోయిందో తేల్చడం మా పని కాదు. మాకు ఆసక్తి కలిగించింది వేరొకటి. యేన్ ఒమోల్ పరివారాన్ని మాయచేసి మట్టికుండల్లో బంధించాడు. ఒక కుండ పగిలి అందులోని వాళ్లు అడవుల్లోకి, నీళ్లలోకి పారిపోయారు. అడవి దొర, నీటి దొర వాళ్లే. వేటగాడు రోజూ బతిమాలుకునేది ఆ ఓడిపోయిన పక్షాన్నే. ఆకాశంలోని గెలిచిన దేవుడితో అతనికి రోజువారీ పని తక్కువ.

కోమి నమ్మకాల్లో కప్ప, బల్లి భయంకరంగా కనిపించేది "శేవా" అనే దాంట్లో. శేవా అంటే మంత్రగాడు తయారుచేసి మనిషి ఒంట్లోకి పంపే జీవి. దారం, వెంట్రుక, చేపముల్లు వంటి వాటితో చేస్తాడని, భూర్జపట్ట డబ్బాలో దాచిపెడతాడని, గాలిలోనో తినే తాగే వాటిలోనో వదులుతాడని నమ్మకం. లోపలికి పోయాక అది బల్లి, కప్ప, పురుగు రూపంలో బతుకుతుంది. పట్టిన మనిషి మూర్ఛపోతుంది, తిడుతుంది, తనది కాని గొంతుతో మాట్లాడుతుంది, జరగబోయేది చెబుతుంది. పట్టేది ఎక్కువగా ఆడవాళ్లకే. పక్కనున్న రష్యన్ పల్లెల్లో ఇలాంటి దాన్నే ఇకోతా అన్నారు.

దీన్ని గురించి వివరంగా రాసినవాడు కోమి పండితుడు అలెక్సెయ్ సిదరోవ్. 1928లో లెనిన్‌గ్రాద్‌లో ఆయన పుస్తకం వచ్చింది, కోమి ప్రజల వైద్యం, మంత్రవిద్య, చేతబడుల మీద. ఈ విషయం మీద మేము విలువిచ్చే రచన ఇదే. బయటివాడు ఈ సంగతి రాస్తే "అనాగరికుల పిచ్చి" అయ్యేది. లోపలివాడు ప్రేమతో రాస్తే దాచిపెట్టే ప్రమాదం ఉంది. సిదరోవ్ తన వాళ్ల గురించి రాస్తూ దాచలేదు, వెక్కిరించలేదు. మంత్రగాణ్ణి కోమిలో "తొదిస్" అంటారు, తెలిసినవాడు అని అర్థం. ఆ తెలిసినవాడు చదివే మంత్రాల్లో చాలావాటి మాటలు రష్యన్‌వి, నోట నలిగి రూపం మారినవి. అర్థం కాని మాటకే బలం ఎక్కువ. మన గూడేల్లో కూడా మంత్రం సొంత భాషలో లేని సందర్భాలు మనకు కొత్త కాదు.

శేవా విషయంలో మేము ఒక మాట కఠినంగానే చెప్పాలి. ఒంట్లోని శేవా మాట్లాడినప్పుడు తనను ఎవరు పంపారో పేరు కూడా చెబుతుంది. అప్పుడు అది ఒక రోగం మాత్రమే కాదు, ఊళ్లో ఒక మనిషి మీద నేరం. రష్యాలో ఇలా పూనకంలో పేర్లు చెప్పే ఆడవాళ్లను పట్టుకోమని 1715లో పీటర్ చక్రవర్తి ఉత్తర్వు ఇచ్చాడు, అబద్ధపు పూనకాలని. అంటే ఊరు నేరం మోపేది పేరు చెప్పబడిన వాళ్ల మీద, ప్రభుత్వం నేరం మోపేది పేరు చెప్పిన ఆమె మీద. అత్తింట్లో నోరు మెదపని కోడలు కప్ప గొంతుతో మాట్లాడితేనే ఇంటివాళ్లు విన్నారు. ఆమె బాధ నిజం. ఆమె చెప్పిన పేరు నిజం కాకపోవచ్చు. ఈ రెండు వాక్యాలనూ కలిపి పట్టుకోవడం కష్టం.

చిల్లంగి అని, బాణామతి అని మన ప్రాంతాల్లో ముసలివాళ్లను, ఒంటరి ఆడవాళ్లను కొట్టి చంపిన వార్తలు చదువుతున్నాం. ఆ వార్త వచ్చినప్పుడు ఆదివాసీ రచయితలం చాలాసార్లు మౌనంగా ఉంటున్నాం. మాట్లాడితే బయటివాళ్లు మన మొత్తం సంస్కృతిని వెక్కిరిస్తారన్న భయం. కప్పతల్లి పాటను కాపాడటానికి చిల్లంగి నేరాన్ని కూడా కడుపులో దాచుకోవాలా? అక్కర్లేదని సిదరోవ్ పుస్తకం చూపిస్తుంది. ఆయనకు దక్కిన ఫలితం వేరే కథ. 1930ల చివర సొంత జాతి గురించి రాసిన కోమి మేధావులను జాతీయవాదులని నిందించి పట్టుకున్నారు. సిదరోవ్ జైలు పాలయ్యాడు. ఆయన కంటే ముందుతరం కోమి జానపద పరిశోధకుడు వసీలి నలీమోవ్ 1939లో జైల్లోనే చనిపోయాడు.

కోమి పెర్మ్యాకుల నేలలో, కామా ఎగువన, వెయ్యేళ్లకు పైబడిన కంచు బొమ్మలు దొరికాయి. పెర్మ్, చేర్దిన్ మ్యూజియాల్లో ఉన్నాయి. పైన పక్షులు, మధ్యలో మనిషో దుప్పి తల మనిషో, అడుగున పొడవాటి మూతి బల్లి. పై లోకం, నడిమి లోకం, కింది లోకం అని పండితులు అర్థం చెబుతారు. కావచ్చు. పోతపోసిన కమ్మరి ఒక్క ముక్కా రాసిపెట్టలేదు. మాకు కనబడేది ఇంతే: ఆ బల్లి నలిగిపోయినట్టు లేదు, మోస్తున్నట్టుంది.

ఉరల్ కొండల బల్లి ప్రపంచానికి తెలిసింది పావెల్ బజోవ్ వల్ల. ఆయన "మలాకైట్ పెట్టె" 1939లో స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో వచ్చింది, 1943లో స్తాలిన్ బహుమతి పొందింది. అందులో రాగికొండ యజమానురాలు పచ్చని రాతి బట్టలు కట్టుకుంటుంది, చుట్టూ బల్లులు ఆమె పరివారం, తానూ మనిషి తలతో బల్లిగా మారుతుంది. బంగారానికి కాపలా మహాసర్పం పోలోజ్. గనిపనివాడు స్తెపాన్ ఆమె చెప్పినట్టు గని అధికారిని ఎదిరిస్తాడు. కొండ కింది సంపద దొరది కాదు, దానికి వేరే యజమాని ఉంది, ఆమె బల్లి రూపంలో మిమ్మల్ని చూస్తూనే ఉంది అన్నది ఆ కథల ప్రాణం. బాక్సైటు పేరు విన్న ఆదివాసీ పిల్లలకు ఇది ఒక్క చదువులో పడుతుంది.

అయితే బజోవ్ కథలను జానపద నమ్మకంగా పాఠం చెప్పకూడదు. చిన్నప్పుడు పొలెవ్‌స్కోయ్‌లో ఒక ముసలి కావలివాడి నోట విన్నానని ఆయన అన్నాడు. విన్నది ఎంత, అల్లింది ఎంత అని పరిశోధకులు ఇంకా వాదిస్తున్నారు. భాష, కూర్పు, గనిపనివాడి కోపం చాలావరకు బజోవ్‌వే అని మా అంచనా. అది తప్పు కాదు, మంచి రచయిత చేసే పనే. మా ఫిర్యాదు వేరొకటి. రష్యన్లు రాకముందు ఆ కొండల్లో ఉన్న "పాత మనుషులు" ఆయన కథల్లో కనిపిస్తారు, బంగారం విలువ తెలియని అమాయకులుగా. కొండలో కలిసిపోయి మాయమవుతారు. మాన్సీలు, కోమిలు మాయం కాలేదు, బజోవ్ రాస్తున్నప్పుడూ అక్కడే ఉన్నారు. మూలవాసిని పూర్వకాలపు నీడగా మార్చి అతని బల్లిని మాత్రం కథలోకి తీసుకోవడం ఇవాన్ చేసిన పనికి దూరం కాదు. మనకు నచ్చిన రచయిత కదా అని ఈ మాట దాటవేయలేం.

రష్యా జనాభా లెక్కల్లో 2010లో తమను కోమిలమని చెప్పుకున్నవాళ్లు సుమారు 2,28,000. 2021లో సుమారు 1,44,000. వాళ్ల భాషలో పాము "కియ్". ఫిన్నిష్, ఉద్‌ముర్త్ భాషల్లో కూడా దాదాపు అదే మాట, కాబట్టి వేల ఏళ్లది. బల్లి "ద్జోద్జువ్", పలకడానికి పిల్లలకు సరదాగా ఉంటుంది. కప్పకు మాత్రం ఇప్పుడు వాడేది రష్యన్ నుంచి వచ్చిన "ల్యాగుషా". మా తరగతిలో ఈ మూడు మాటలూ బోర్డు మీద రాసి, పక్కన గోండి "తరాస్", కువి "రాచు" రాశాం. మిగతా గళ్లు ఖాళీగా వదిలాం. వాటిని నింపడానికి పిల్లలు అవ్వలను అడగడానికి ఇళ్లకు పోయారు. సగం గళ్లలో తెలుగు మాటలే వచ్చాయి, మిగతా సగంలో మేమెప్పుడూ విననివి నాలుగు ఉన్నాయి.